కాదు అనని మాటలు

సంపూర్ణమ్మ మామిడి అంటు కడుతోంది. మొదలు మొక్క తల కోసి, నడుమ చాకుతో చీల్చి, మంచిరకం చెట్టు నుంచి తెచ్చిన పుల్ల చివర రెండు వైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దించింది. ప్లాస్టిక్ రిబ్బను కింద నుంచి పైకి చుట్టుకుంటూ వస్తుండగా పక్కనున్న ఆఫీసు గదిలోంచి శాంతికుమార్ మాస్టారి గొంతు వినిపించింది.

"నిప్ ఇన్ ద బడ్. ఏదీ, మీరనండి పృథ్వీ గారూ."

పృథ్వీ అనలేదు. "దానికి గూగుల్ ఉంది కదండి మాస్టారూ" అన్నాడు.

"గూగుల్ మీ బదులు ఫోన్లో మాట్లాడదు కదండి. బడ్ అంటే మొగ్గ. చిగురనుకున్నా ఫర్వాలేదు. చిగురులో ఉండగానే గిల్లేయడం. అంటే, గొడవ ముదరకముందే ఆపేయడం."

రిబ్బను పట్టుకున్న వేళ్లు ఆగిపోయాయి. పొద్దుటి నుంచి సంపూర్ణమ్మ చేస్తున్నది అదే. అంటుకు కింద, మొదలు మొక్క మీద, దొంగచిగుళ్లు లేస్తాయి. అప్పటికప్పుడు గిల్లకపోతే పైపుల్లకు అందాల్సిన బలమంతా అవే లాగేస్తాయి. ఈ సంగతి ఎక్కడో అద్దాల మేడల్లో కూర్చుని వ్యాపారం చేసేవాళ్లకు కూడా తెలుసన్నమాట. 'నిప్ ఇన్ ద బడ్' అని పెదవులతో అని చూసింది. శబ్దం రానివ్వలేదు.

కుక్కుటేశ్వరరావు గారి నర్సరీ కడియంలో పద్దెనిమిది ఎకరాలు. మాస్టారు మిషన్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఇరవై రోజులుగా రోజూ మధ్యాహ్నం మూడింటికి స్కూటరు మీద వచ్చి రావు గారబ్బాయికి వ్యాపారం ఇంగ్లీషు నేర్పుతున్నారు. బెంగుళూరు, పుణే కంపెనీల వాళ్లు ఇదివరకులా మనుషుల్ని పంపడం మానేశారు. వీడియో కాల్ పెట్టి మొక్కలు చూపించమంటున్నారు, ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. పృథ్వీ చెడ్డవాడు కాదు. రాజమండ్రిలో డిగ్రీ చేశాడు. ఇంగ్లీషు పాఠం అనగానే మాత్రం ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంటాడు.

సంపూర్ణమ్మ కట్టిన అంట్లు బతికి, చిగురేసి, లారీ ఎక్కి వెళ్లిపోతాయి. ఏ ఊరు వెళ్లాయో చలానా మీద ఉంటుంది. అక్కడ ఏమయ్యాయో ఎవరూ చెప్పరు. పందొమ్మిదేళ్లుగా పంపుతూనే ఉంది. వాటిలో ఒక్కటైనా ఎలా ఉందని అడగాలంటే, అడగాల్సిన మనుషులు ఆ గదిలోని లాప్‌టాప్‌లో, ఆ ఇంగ్లీషుకు అవతల ఉన్నారు.

పాఠం అయ్యాక మాస్టారు చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరకు వచ్చారు. వెళ్తూ వెళ్తూ షెడ్డు ముందు ఆగారు.

"నువ్వు ఏసురాజు గారి కోడలివి కదూ? చర్చిలో చూస్తుంటాను."

"ఆయ్ అండి."

"నీ పెదాలు కదులుతున్నాయి. లోపలికి కనపడుతోంది."

సంపూర్ణమ్మ తల వంచేసింది. "తప్పైపోయిందండి మాస్టారూ. పని ఆపలేదండి."

"తప్పేంటమ్మా. ఒకరికి చెప్తుంటే ఒకరికి వస్తోంది. నా జీతం ఎవరో ఒకరి దగ్గర న్యాయమైపోతోంది కదా." ఆయన నవ్వకుండానే అన్నారు. "ఎందాకా చదివావు?"

"పదో తరగతి పాసయ్యానండి. చదవడం వచ్చండి. మాట్లాడ్డమే, ఎవరితో మాట్లాడతామండి?"

మాస్టారు వెనక్కి వెళ్లి ఒక జెరాక్సు కాగితాల కట్ట తెచ్చారు. పైకాగితం మీద టీ గ్లాసు పెట్టిన మరక గుండ్రంగా ఉంది. "పృథ్వీ గారి దగ్గర ఇవన్నీ ఫోన్లో ఉన్నాయట, అక్కర్లేదన్నారు" అంటూ నడిమి పేజీ ఒకటి తీసి చూపించారు.

"ముందు ఇది చదువు. ఇంగ్లీషులో వ్యాపారం చేసేవాళ్లు మొహం మీద కాదనరు. మెత్తగా చుట్టి ఇస్తారు. 'ఇన్ ప్రిన్సిపుల్' అన్నారనుకో, ఇంకా ఒప్పుకోలేదని. 'పార్క్ ఇట్' అంటే ప్రస్తుతానికి పక్కన పెట్టేద్దామని. 'విల్ సర్కిల్ బ్యాక్' అంటే అవసరమైతే మేమే అడుగుతాం, మీరు అడక్కండని. ఆ చుట్టినదాన్ని విప్పి లోపలున్న 'కాదు'ని పట్టుకోగలిగితే నీకు సగం ఇంగ్లీషు వచ్చినట్టే."

మర్నాటి నుంచి సంపూర్ణమ్మ తెల్లారగట్ల పొయ్యి ముందు ఆ కాగితాలు పెట్టుకుంది. అన్నం ఉడికేలోపు ఒక పేజీ. చేత్తో గంజి వారుస్తూ నోటితో 'విల్ సర్కిల్ బ్యాక్' అనుకుంటుంటే, గుమ్మంలో కూర్చుని వక్క కొరుకుతున్న అత్తగారు పాపాయి చెవి రిక్కించింది.

"ఏంటే ఆ గొణుగుడు? ప్రార్థనైతే పైకి చెయ్యి, నేనూ ఆమెన్ అంటాను."

"ప్రార్థన కాదత్తా. ఇంగ్లీషు." అర్థం చెప్పింది.

పాపాయి కాసేపు వక్క నమిలింది. "అదేముందే. పెళ్లిచూపులకొచ్చినోళ్లు పిండివంటలన్నీ తిని, వెళ్లి కబురు పెడతామంటారు చూడు. అదేగా."

సంపూర్ణమ్మకు నవ్వొచ్చి గంజి చెయ్యి మీద ఒలకబోసుకుంది. ఆ రోజు నుంచి ఇంగ్లీషంటే కొంచెం బెరుకు తగ్గింది.

వారం తిరిగి శుక్రవారం వచ్చింది. బెంగుళూరు కంపెనీతో వీడియో కాల్. ఊరవతల ఏవో పెద్ద అపార్టుమెంట్లు కడుతున్నారు, రెండు వందల ఫాక్స్‌టైల్ పామ్ చెట్లు కావాలని అడిగారు. నక్కతోకల్లాంటి ఆకులతో, కుండీల్లో కాకుండా నేలలోనే వరసగా ఎదిగిన చెట్లు. ఎనిమిదేళ్ల కిందట గింజలు నానబెట్టి మొలకెత్తించింది సంపూర్ణమ్మే. పృథ్వీ ఫోను పట్టుకుని వరసల మధ్య నడుస్తుంటే ఆవిడ పక్కనే టేపుతో కాండం చుట్టుకొలత చూపించింది. తర్వాత అందరూ ఆఫీసు గదిలోకి వచ్చారు. రావుగారు నమూనాకు ఒక కుండీ మొక్క కూడా చూపిద్దామంటే, ఆవిడ దాన్ని పొదివి పట్టుకుని గోడ వారగా నిలబడింది.

తెర మీద పొట్టి జుట్టు ఆవిడ, మిసెస్ హెగ్డే, కళ్లజోడు పైకి తోసుకుని నవ్వింది. "ఇన్ ప్రిన్సిపుల్, వి లవ్ ద పామ్స్. బట్ లెట్స్ పార్క్ దిస్ ఫర్ నౌ. వి విల్ సర్కిల్ బ్యాక్."

"యెస్ మేడమ్. ష్యూర్ మేడమ్. థాంక్యూ మేడమ్" అన్నాడు పృథ్వీ. తెర చీకటైంది.

రావుగారు కొడుకు మొహంలోకి చూశారు. "ఏమంటుందిరా?"

"ఓకే అయిపోయింది నాన్నా. బాగా నచ్చాయంట. కొన్ని పార్కింగ్ దగ్గర వేస్తారంట. మిగిలినవి వెనకవైపు గుండ్రంగా, సర్కిల్‌గా."

రావుగారి మొహం వెలిగిపోయింది. "అయితే రేపే తవ్వకం మొదలెట్టించాలి. తవ్వి రెండు వారాలు నీడన ఉంచితే గాని ప్రయాణానికి ఆగవు. పోయినేడు కూడా ఆ కంపెనీ వాళ్లు నోటిమాట మీదే లోడు ఎత్తించుకున్నారు."

సంపూర్ణమ్మ చేతిలో కుండీ బరువెక్కింది. మాట్లాడకూడదనుకుంది. పృథ్వీ మొహంలో సంతోషం చూస్తే అసలే మాట్లాడకూడదనిపించింది. అయినా నోరు దాటి వచ్చేసింది.

"అయ్యగారండి, ఆవిడ ఇంకా ఒప్పుకోలేదండి."

రావుగారు ఆవిడ వైపు తిరిగారు. సంపూర్ణమ్మ ఆపలేదు.

"పార్క్ అంటే పక్కన పెట్టడమండి. మళ్లీ వాళ్లే కబురు చేస్తామందండి. అంతేనండి."

పృథ్వీ చెవులు ఎర్రబడ్డాయి. "నేను మాట్లాడింది నువ్వు నాకు చెప్తావా?" అన్నాడు. గొంతు పెంచలేదు. అదే ఆవిడకు ఎక్కువ గుచ్చుకుంది.

రావుగారు చెయ్యి అడ్డం పెట్టారు. "చూడు సంపూర్ణా. అంటు సంగతి నువ్వు చెప్తే నేను వింటాను. నా అంతటివాణ్ని నేనే వింటాను. ఇందులో నువ్వు రాకు. ఆ కుండీ దాని చోట పెట్టేసి పని చూసుకో."

శనివారం పొద్దున్నే బుల్లబ్బాయి ముఠా పలుగులు, పారలు తీసుకుని దిగింది. ఒక్కో చెట్టు చుట్టూ జానెడు వెడల్పున గాడి తీస్తారు. అడ్డొచ్చిన వేళ్లను గొడ్డలితో నరుకుతారు. వేళ్ల చుట్టూ ఉన్న మట్టి ముద్ద చెదరకుండా గోనెపట్టా చుట్టి, కొబ్బరితాడుతో బిగించి, నలుగురు కలిసి పైకి లేపుతారు. మామూలు రోజుల్లో సంపూర్ణమ్మకు ఇది చూడముచ్చటైన పని. ఇవాళ గొడ్డలి వేటు పడినప్పుడల్లా చేతిలో చాకు పక్కకు జారుతోంది. పది తవ్వితే ఒకటో రెండో ఎలాగూ పోతాయి. కొనేవాడుంటే అది వ్యాపారంలో భాగం. కొనేవాడు లేకుండా పోతే?

తొమ్మిదింటికి ఏడు చెట్లు లేచాయి. సంపూర్ణమ్మ నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి మాస్టారికి ఫోన్ చేసింది. విన్నదంతా మాట పొల్లు పోకుండా చెప్పింది.

"నువ్వు విన్నది సరిగ్గానే విన్నావు" అన్నారాయన.

"అయితే మీరొకసారి అయ్యగారితో చెప్పండి మాస్టారూ. లేదంటే ఆ హెగ్డే గారితో మాట్లాడండి."

"మీ అయ్యగారు నేను చెప్తే వింటారేమో. కాని కొడుకును తండ్రి ముందు రెండోసారి చిన్నబుచ్చినట్టవుతుంది. ఆవిడతో నేను మాట్లాడితే, తవ్వితే ఏమవుతుందో నాకేం తెలుసు? ఆ చెట్ల సంగతి తెలిసినదానివి నువ్వు. నంబరుందా?"

కొటేషను కాగితం ప్యాకింగు షెడ్డులో మేకుకు గుచ్చి ఉంది. దాని అడుగున హెగ్డే గారి నంబరుంది.

సంపూర్ణమ్మ ఒక చలానా వెనక మాట్లాడవలసిన మాటలు రాసుకుంది. 'జస్ట్ టచింగ్ బేస్', అంటే ఊరికే ఒకసారి పలకరిద్దామని, అలా మొదలెట్టాలని మాస్టారి కాగితాల్లో ఉంది. తర్వాత, ఇద్దరం ఒకే మాట మీద ఉన్నామా అని తెలుసుకోవడానికి 'ఆన్ ద సేమ్ పేజ్' అనాలి. నాలుగుసార్లు చదువుకుని నొక్కింది. అవతల "హలో?" అనగానే కాగితం మీది అక్షరాలన్నీ చీమల్లా చెదిరిపోయాయి.

"హలో? హూ ఈజ్ దిస్?"

తోటలో గొడ్డలి చప్పుడైంది.

"మేడమ్" అంది సంపూర్ణమ్మ. "కడియం నర్సరీ. వి ఆర్ డిగ్గింగ్. యువర్ పామ్స్. నౌ డిగ్గింగ్. మేడమ్, యు సెడ్ యెస్, ఆర్ యు సెడ్ నో?"

అవతల ఊపిరి పీల్చుకున్న శబ్దం వినిపించింది. ఆ తర్వాత మిసెస్ హెగ్డే మాటలు చుట్టడం మానేసింది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటే, విడమరిచి చెప్పింది. లేదు. ఇంకా ఏమీ ఖాయం కాలేదు. పైవాళ్ల మీటింగు వచ్చే నెలలో ఉంది. అసలు పామ్ చెట్లే వద్దనుకునే అవకాశం ఎక్కువ. దయచేసి తవ్వొద్దు.

"ప్లీజ్ మేడమ్, వాట్సాప్. టు అవర్ సార్. ఐ సే, నో బడీ బిలీవ్."

"రైట్ అవే. అండ్ మే ఐ నో హు యు ఆర్?"

నర్సరీ హాజరు పుస్తకంలో సంపూర్ణమ్మ పేరు ఎదురుగా 'అంట్లు' అని మాత్రమే ఉంటుంది.

"సంపూర్ణ. ఐ మేక్ ద ప్లాంట్స్" అంది.

అవతల చిన్న నవ్వు వినిపించింది. అది ఎగతాళి నవ్వు కాదు. ఆ నవ్వు ఇచ్చిన ధైర్యంతో, ఆవిడ ఫోను పెట్టేసేలోపే సంపూర్ణమ్మ గబగబా అడిగేసింది. "మేడమ్, వన్ క్వశ్చన్. లాస్ట్ ఇయర్ సంపెంగ. చంపక్. ఫార్టీ ప్లాంట్స్ కమింగ్ టు యు. మై గ్రాఫ్టింగ్. హౌ ఆర్ దే?"

"ఐ డోంట్ నో" అంది మిసెస్ హెగ్డే. "నో వన్ హాజ్ ఎవర్ ఆస్క్డ్ మి దట్."

అరగంటకు రావుగారు ఫోను చేత్తో పట్టుకుని తోటలోకి నడిచి వచ్చారు. వెనక పృథ్వీ. "ఆపండ్రా" అన్నారు బుల్లబ్బాయితో. పదకొండు చెట్లు గోనెపట్టాలు కట్టుకుని పక్కలకు ఒరిగి పడి ఉన్నాయి. పన్నెండోదాని చుట్టూ గాడి సగం తీసి ఉంది. ఆయన చూపు ఒక్కసారి సంపూర్ణమ్మ మీద పడి, పక్కకు పోయింది.

మిగిలిన పగలంతా ఆవిడ ఆ పదకొండు చెట్ల దగ్గరే ఉంది. కింది ఆకులు కోయించింది. నడిమి మొవ్వ కదలకుండా పైఆకుల్ని పురికొసతో జడలా ముడివేసింది. గోతుల్లో నీళ్లు పోయించి, బురద చేసి, చెట్లను మళ్లీ దింపించి, వెదురు బద్దలు మూడేసి ఊతంగా పాతించింది. పృథ్వీ చొక్కా చేతులు పైకి మడిచి రెండు చెట్లకు తాడు పట్టాడు. ఇద్దరూ ఆ కాల్ సంగతి ఎత్తలేదు. "ఇంకాస్త ఇటు వంచండి బాబూ" అని ఆవిడ, "ఇలాగా?" అని అతను, అంతే.

సోమవారం రావుగారు కబురు పెట్టారు. ఆఫీసు గదిలో ఒక్కరే ఉన్నారు.

"బెంగుళూరు ఆవిడ ఫోన్ చేసింది సంపూర్ణా. ఇక ముందు ఏదైనా ఉంటే నీతో మాట్లాడతానంటోంది. నువ్వు చెప్తే తనకు సరిగ్గా అర్థమవుతోందంట. శనివారం నువ్వు ఫోన్ చెయ్యకపోతే ఆ రెండు వందలూ లేపేసేవాణ్ని. నాకు తెలుసు."

సంపూర్ణమ్మ అప్పటిదాకా అడగాలనుకోలేదు. ఆయన నోట ఆ మాట విన్నాక, గుండెల్లో ఎన్నాళ్ల నుంచో ఉన్నది తనంతట తానే పైకి వచ్చింది.

"అయితే ఆ ఫోన్లు నన్ను చూసుకోనివ్వండి అయ్యగారూ. పొద్దుట అంట్లు కడతాను. మధ్యాహ్నం ఇక్కడ కూర్చుంటాను. మాస్టారి దగ్గర ఇంకా నేర్చుకుంటానండి. మన మొక్కలు ఎక్కడెక్కడికి వెళ్లాయో వాళ్లందరితో మాట్లాడతాను."

రావుగారు తల ఊపారు. "మంచి ఆలోచనే. నేను కాదనను. ముందు ఈ సీజను గట్టెక్కనీ. ఇంట్లో కూడా ఒక మాట అనుకుని, నేనే చెప్తాను నీకు."

ఆ మాటలు ఎంతో దయగా ఉన్నాయి. ఇంకెప్పుడైనా అయితే, ఆవిడ దండం పెట్టి, మనసులో పండగ చేసుకుంటూ షెడ్డుకు వెళ్లిపోయేది. సీజను అయ్యేదాకా, ఆ పై సీజను అయ్యేదాకా ఆ మాటను కొంగున కట్టుకుని తిరిగేది. ఇవాళ మాత్రం ఆ దయ చెవిలో వేరుగా వినపడింది. ఇది ఇంగ్లీషు కాదు. పుట్టినప్పటి నుంచి వింటున్న తెలుగే. ఇన్నేళ్లూ దీన్ని విప్పి చూడాలని తోచలేదు.

ఆవిడ కదల్లేదు. "కాదనేటట్టయితే ఇప్పుడే చెప్పేయండి అయ్యగారూ. నేనేమీ అనుకోను. ఎదురుచూడ్డం తప్పుతుంది."

రావుగారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు. తుడవడం అయిపోయినా తుడుస్తూనే ఉన్నారు. కొడుకు కూర్చునే కుర్చీ కేసి చూశారు.

"కాదమ్మా" అన్నారు మెల్లగా. "నువ్వు ఇక్కడ కూర్చుంటే వాడికి నేనేం చెప్పను? వచ్చేవాళ్లు, పోయేవాళ్లు..." అని ఆగిపోయారు. తర్వాతి మాట నోటిదాకా వచ్చి నిలిచిపోయింది. అది ఆవిడకు తెలియనిదేమీ కాదు.

"సరేనండి" అంది సంపూర్ణమ్మ. "సూటిగా చెప్పారు. అది చాలండి."

ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. ఒళ్లంతా తేలికైపోయి, ఆ తేలికలో ఎక్కడో సన్నగా నొప్పి ఉంది, బిగువుగా కట్టిన రిబ్బను విప్పాక కాండం మీద మిగిలే గాడిలాగా. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

"హెగ్డే మేడమ్ నా ఫోనుకు చేస్తే మాట్లాడతానండి. నా ఫోనే కదండి."

రావుగారు కళ్లజోడు పెట్టుకున్నారు. "మాట్లాడుకో" అన్నారు. అందులో చుట్టిందేమీ లేదు.

గురువారం మధ్యాహ్నం అన్నం క్యారేజీ విప్పుతుండగా సంపూర్ణమ్మ ఫోను మోగి ఆగింది. బెంగుళూరు నుంచి ఒక ఫోటో, దాని కింద మిసెస్ హెగ్డే గొంతు. నిన్న తనే స్వయంగా వెళ్లి చూశానంది. నలభైలో ముప్పై ఒకటి బతికున్నాయి. ఆరింటికి పువ్వులొచ్చాయి. ఒక వరస మాత్రం పసుపుపచ్చగా మారిపోతోంది, తోటమాలికి కారణం తెలియడం లేదు.

సంపూర్ణమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని ఫోటో తెరిచింది. సంపెంగ చెట్టు మనిషెత్తు దాటింది. అడుగున, నేలకు జానెడు ఎత్తున, చిన్న కణుపులా ఉబ్బిన చోటు కనిపించింది. తను కట్టిన అంటు అది. ఆ వరసలోని మొదళ్ల చుట్టూ ఎవరో చక్కగా సిమెంటు చేసి, పైన తెల్లరాళ్లు పరిచారు.

మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టింది. కాగితం లేదు. "మేడమ్, సిమెంట్ రిమూవ్. స్లోలీ, విత్ హ్యాండ్, నాట్ మెషిన్. రూట్ వాంట్స్ ఎయిర్. వాటర్, వీక్‌లీ టూ టైమ్స్, నాట్ డైలీ. వన్ మంత్, న్యూ లీఫ్ విల్ కమ్. ఇఫ్ నాట్ కమింగ్, టెల్ మి."

పంపేసింది. రెండు గీతలు నీలంగా మారేదాకా చూసింది.

తర్వాత ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసింది. చెట్టు పక్కకు జరిగి వెనకున్నది కనిపించింది. ఎత్తుగా ఒక గోడ, దాని మీద బాల్కనీలో ఆరేసిన పసుపు దుప్పటి, కింద సగం విరిగిన నీడలో సైకిలు ఆనించి ఎవరో మనిషి. ఆ మనిషి తల ఎత్తి చెట్టుకేసే చూస్తున్నాడు, పువ్వు వాసన తగిలిందో ఏమో. అతని మొహం స్పష్టంగా లేదు. సంపూర్ణమ్మ ఇంకాస్త పెద్దది చేసింది. మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. చిన్నది చేసి మళ్లీ చూసింది. క్యారేజీలో అన్నం మీద ఈగ వాలింది. తోలలేదు.